పిల్లలకు రోజూ శివరాత్రి జాగారమేనా?

మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో జాగారం చేయటం మన పల్నాడు వాసులకు తరతరాలుగా వస్తున్న అలవాటు. ప్రభల వెలుగులో తెల్లవార్లూ మేలుకున్నవాళ్ళు మర్నాడు ఇంటికి చేరి ఒళ్ళు మరిచి నిద్రపోతారు. అది ఏడాదికి ఒక్క రాత్రి ముచ్చట. కాని మన పల్లెల్లో చాలామంది పిల్లలకు ఏడాది పొడుగునా జాగారంగానే ఉంటున్నదని విచారంతో చెప్పవలసి వస్తోంది.

ఏ ఊరి బడికైనా ఉదయం ప్రార్థన వేళకు వెళ్ళి చూడండి. వరుసలో నిలబడి ఆవులించే పిల్లలు కనిపిస్తారు. రెండో పీరియడ్ అయ్యేసరికి వెనక బల్లల మీద తలలు వాలుతాయి. మధ్యాహ్నం అన్నం తిన్న తర్వాత సంగతి వేరే చెప్పనవసరం లేదు. అటువంటి పిల్లవాణ్ణి ఉపాధ్యాయుడు సోమరి అంటాడు, తండ్రి మొద్దు అంటాడు. నిజానికి వాడు సోమరీ కాదు, మొద్దూ కాదు. కంటి నిండా నిద్ర లేనివాడు. ఆ నిద్ర లేకపోవటానికి ముఖ్య కారణం మన ఇళ్ళలోనే ఉన్నదన్న సంగతి తల్లిదండ్రులు గుర్తించాలి.

ఎంత నిద్ర కావాలి?

ఈ విషయంలో వైద్యులు ఏనాడో లెక్క కట్టారు. అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘం 2016లో ప్రకటించిన ప్రకారం 3 నుంచి 5 ఏళ్ళ పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర అవసరం. 6 నుంచి 12 ఏళ్ళ వారికి 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ళ వారికి 8 నుంచి 10 గంటలు కావాలి. ఇది అమెరికా పిల్లలకేగాని మన పిల్లలకు కాదనటానికి వీలు లేదు. ఎదిగే ఒళ్ళు ఎక్కడైనా ఒక్కటే.

మన ఊళ్ళలో జరుగుతున్న లెక్క చూద్దాం. ప్రైవేటు బడి బస్సు నాలుగు ఊళ్ళు తిరగాలి కాబట్టి మొదటి ఊరికి ఏడు గంటలకే వస్తుంది. నాలుగో తరగతి పిల్లవాణ్ణి తయారుచేయాలంటే తల్లి అయిదున్నరకు లేపాలి. రాత్రి టీవీ ఆగి, ఫోను పక్కన పెట్టి, ఇంట్లో దీపం ఆర్పేసరికి పదకొండు. అంటే వాడికి దక్కిన నిద్ర ఆరున్నర గంటలు. తక్కువలో తక్కువ తొమ్మిది గంటలు కావలసినవాడికి రోజుకు రెండున్నర గంటలు లోటు. వారంలో ఆరు బడి రోజులకు పదిహేను గంటలు. దాదాపు రెండు రాత్రుల నిద్ర వారం వారం బాకీ పడుతున్నాడన్నమాట. ఆదివారం పొద్దెక్కేదాకా పడుకున్నా ఆ బాకీ తీరదు.

ఆ బాకీకి వడ్డీ ఎలా పడుతుందో కూడా తెలుసుకోవాలి. పిల్లల ఎదుగుదలకు తోడ్పడే హార్మోను గాఢనిద్రలోనే ఎక్కువగా ఊరుతుంది. పగలు చదివినది మెదడులో నిలిచేది రాత్రి నిద్రలోనే. నిద్ర చాలని పిల్లవాడు పెద్దవాళ్ళలాగా మగతగా ఒక మూల కూర్చోడు. చిరాకు పడతాడు, అల్లరి చేస్తాడు, ఊరికే ఏడుస్తాడు, తోటివాళ్ళతో తగువు పెట్టుకుంటాడు. దాంతో మనం వాణ్ణి పెంకివాడని కొడతాం. కొట్టవలసిన అవసరం లేదు, రెండు గంటలు ముందు పడుకోబెడితే చాలన్న ఆలోచన రాదు.

బాధ్యత ఎవరిది?

ఎవరిని అడిగినా తప్పంతా ఫోనుదే అంటారు. ఫోను తప్పు ఉన్న మాట నిజమే. దాని వెలుతురు కంట్లో పడుతున్నంతసేపు మెదడు ఇంకా పగలే అనుకుంటుంది, నిద్ర తెప్పించే హార్మోను ఆలస్యం అవుతుంది. అయితే ఆ ఫోను పిల్లవాడి చేతికి ఎలా వచ్చింది? అన్నం తినటం లేదని ఒకరోజు, పని చేసుకోనీయటం లేదని ఒకరోజు మనమే ఇచ్చాం. పక్క మీద తండ్రి ఒక ఫోను చూస్తూ, కొడుకును మాత్రం కళ్ళు మూసుకోమంటే ఆ మాట చెల్లుతుందా?

అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ఒక సమాజ శాస్త్రవేత్త 2013లో ఈ విషయాన్ని పరిశీలించారు. దాదాపు వెయ్యి మంది పిల్లలను 12వ ఏట ఒకసారి, 15వ ఏట మరోసారి పరీక్షించగా, బడి రోజుల్లో నిద్ర తొమ్మిది గంటలకు పైనుంచి ఎనిమిది గంటల లోపుకు పడిపోయినట్టు తేలింది. వయసు వస్తే నిద్ర తగ్గటం సహజమేనని అప్పటిదాకా అనుకునేవారు. కాని ఎప్పుడు పడుకుంటున్నాడో తల్లిదండ్రులు కనిపెట్టి చూసుకునే ఇళ్ళలో పిల్లల నిద్ర మెరుగ్గా ఉన్నదని, బడి వాతావరణం, స్నేహితుల మంచి కూడా తోడ్పడుతున్నదని ఆయన చూపించారు.

అంతకుముందు 2010లో అదే దేశంలో 15 వేల మందికి పైగా బడి పిల్లలపై జరిపిన మరో అధ్యయనం ఇంకా ఆలోచించవలసిన సంగతి చెప్పింది. రాత్రి పదిలోపు పడుకోవాలని తల్లిదండ్రులు నియమం పెట్టిన పిల్లలతో పోల్చితే, అర్ధరాత్రి దాకా లేక ఆ తర్వాత దాకా మేలుకోనిచ్చిన ఇళ్ళ పిల్లల్లో మానసిక కుంగుబాటు 24 శాతం, చనిపోవాలన్న ఆలోచన 20 శాతం ఎక్కువగా కనిపించాయి. పరీక్షల ఫలితాలు వచ్చే రోజుల్లో పత్రికల్లో మనం చదువుతున్న విషాద వార్తలను తలుచుకుంటే ఈ మాట ఎంత పెద్దదో అర్థమవుతుంది.

కల్లం రోజులు

పట్నం ఇళ్ళకూ మన ఇళ్ళకూ తేడా ఉన్నది, కాదనలేం. మిరప కోతల కాలంలో మన జిల్లాలో రైతు నిద్రపోయేది ఇంట్లో కాదు, కల్లంలో. కాయ ఆరేదాకా పది, పదిహేను రోజులు కాపలా ఉండాలి. మబ్బు పడితే అర్ధరాత్రి లేచి పరదా పట్టాలు కప్పాలి. ఏడాది కష్టం అక్కడ ఎర్రగా పరచి ఉన్నప్పుడు ఏ రైతుకూ కంటిమీద కునుకు పట్టదు. తల్లి కూడా తెల్లవారకముందే వంట ముగించి కోతకు పోతుంది.

ఆ రోజుల్లో పిల్లల సంగతి ఏమిటి? కొందరిని కల్లానికే తీసుకుపోతారు. మంచు, దోమలు, కాయ ఘాటుకు దగ్గు, వచ్చేపోయే ట్రాక్టర్ల మోత మధ్య పడుకున్న పిల్లవాడు మర్నాడు బడిలో ఏం చదువుతాడు? మరికొందరిని ఇంటి దగ్గర నాయనమ్మ మీద వదిలేస్తారు. అమ్మా నాన్నా లేని ఇంట్లో ఆ ముసలావిడ మాట వినేవాళ్ళు ఎవరు? ఫోను తీసుకుని ఒక మూలకు చేరతారు.

కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే పరీక్షలు. మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి, పావు తక్కువ ఎనిమిదికల్లా బడిలో ఉండాలి. కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలతో సహా మన ఊళ్ళకు కోతలకు వచ్చి గుడారాల్లో ఉండే కూలీల పిల్లల పరిస్థితి ఇంకా అన్యాయం. వాళ్ళకు బడీ లేదు, నిద్రా లేదు.

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అని మన పెద్దలు చెప్పారు. అలసినవాడికి నేలైనా పరుపే అన్న మాట నిజం. కాని ఆ సామెత ఒళ్ళు అలిసిన పెద్దవాడికి చెల్లినట్టు పసివాడికి చెల్లదు. పసివాడికి పరుపు లేకపోయినా ఫరవాలేదు గాని, పక్కన మనిషి కావాలి. కాబట్టి ఇద్దరూ కల్లానికి పోకుండా, రాత్రికి తల్లో తండ్రో ఒకరు ఇంటి పట్టున ఉండే ఏర్పాటు చేసుకోవాలి. పక్కపక్క కల్లాల రైతులు వంతులు వేసుకుని కాపలా కాసుకుంటే ఇది అసాధ్యం కాదు. నీటి వంతులు వేసుకున్న ఊళ్ళకు కాపలా వంతులు వేసుకోవటం కష్టమా?

ఆడపిల్ల నిద్ర

ఇక్కడ ఒక సంగతి ప్రస్తావించక తప్పదు. ఒకే ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే ఆడపిల్ల, ఆరో తరగతి చదివే మగపిల్లవాడు ఉంటే ముందు లేచేది ఎవరు? ఆడపిల్లే. వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసి, నీళ్ళు పట్టి, తమ్ముణ్ణి లేపి, అప్పుడు తాను తయారవుతుంది. రాత్రి అందరి అన్నాలూ అయ్యాక గిన్నెలు సర్ది, ఆ తర్వాత పుస్తకం తీస్తుంది. వాడికి దక్కుతున్న నిద్ర కూడా ఆమెకు దక్కటం లేదు.

పని నేర్చుకోవద్దని ఎవరూ అనరు. పని ఇద్దరికీ పంచండి అంటున్నాం. నీళ్ళు పట్టటం, గిన్నెలు సర్దటం మగపిల్లవాడు చేస్తే చేతులు అరిగిపోవు. వయసు వచ్చే ఆడపిల్లకు నెల నెలా నెత్తురు పోతుంది, తిండిలో ఇనుము చాలకపోతే రక్తం తగ్గుతుంది. అటువంటి పిల్లకు నిద్ర కూడా లేకపోతే తల తిరగక ఏమవుతుంది? దానికి దిష్టి తీసి ప్రయోజనం లేదు.

భయంతో నిద్ర పట్టదు

పదో తరగతి వచ్చిందంటే చాలు, ఇంట్లో పిల్లవాడికి మాట్లాడే హక్కు పోతుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేపి కూర్చోబెడతారు. రాత్రి పదకొండు దాకా లేవనీయరు. ఫెయిలైతే గేదెలు కాచుకోమని పంపిస్తానని తండ్రి, పక్కింటి పిల్లను చూడమని తల్లి. చదువుకోసం హాస్టళ్ళలో చేర్చిన పిల్లల రోజు కూడా స్టడీ అవర్లతోనే మొదలై స్టడీ అవర్లతోనే ముగుస్తుంది. ఈ మధ్య సంవత్సరాలలో పదో తరగతి పరీక్ష ఉదయం 9.30కు మొదలవుతోంది. రాత్రంతా చదివి, వేకువన మళ్ళీ లేచి, ఆ వేళకు కునుకుపాట్లు పడుతూ ప్రశ్నపత్రం అందుకుంటే లాభమేమిటి?

మేలుకున్న గంటలన్నీ చదువు కాదు. ఏడెనిమిది గంటలు నిద్రపోయి మూడు గంటలు మనసు పెట్టి చదివినవాడికి, కళ్ళు మండుతూ ఆరు గంటలు పుస్తకం పట్టుకున్నవాడికన్నా ఎక్కువ గుర్తుంటుంది. తల్లిదండ్రుల అండ అంటే నెత్తిన కూర్చోవటం కాదు. మార్కులు ఎన్ని వచ్చినా నీ అన్నం నీ కంచంలో ఉంటుందన్న ధైర్యం ఇవ్వటం. ఆ ధైర్యం ఉన్న పిల్లవాడే తల దిండుకు ఆనించగానే నిద్రపోగలడు.

పిల్లల నిద్రను కాజేసే మరో భయం ఉన్నది. దాన్ని చెప్పటానికి చాలామంది మొహమాటపడతారు. తండ్రి తాగి వచ్చే ఇల్లు. ఆ ఇంట్లో పిల్లలు పడుకున్నట్టే కనిపిస్తారు గాని దుప్పటి కింద చెవులు రిక్కించుకుని ఉంటారు. గొడవ అయ్యేదాకా వాళ్ళకు నిద్ర రాదు, గొడవ అయ్యాక ఏడుపు ఆగదు. పొద్దుటికి తండ్రి మరిచిపోతాడు. పిల్లవాడు మరిచిపోడు. పిల్లల చదువు కోసం ఎకరం అమ్మటానికైనా సిద్ధపడే తండ్రులు, వాళ్ళ నిద్ర కోసం రాత్రిపూట ఇంట్లో గొంతు తగ్గించలేరా?

పక్క తడిపే పిల్లలది ఇంకో బాధ. అయిదారేళ్ళ దాకా ఇది చాలామందిలో ఉండేదే, కొందరిలో ఆపైన కూడా ఉంటుంది. వాళ్ళు కావాలని చేసేది కాదు. నలుగురిలో నవ్వి, కొట్టి, వాతలు పెట్టే పాడు అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉండటం శోచనీయం. ఆ భయానికే పిల్లవాడు నిద్రపోకుండా మేలుకుని ఉంటాడు. పడుకోబోయేముందు ఒంటికి పంపి, కింద ఒక ప్లాస్టిక్ పట్టా వేసి, పొద్దున్నే మాట్లాడకుండా దుప్పటి ఉతికి ఆరేస్తే చాలు. ఏడేళ్ళు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

ఏం చేయాలి?

ఇందుకు డబ్బు ఖర్చు లేదు. కొంత పట్టుదల కావాలి. మొదటిది, పడుకునే వేళ ఒకటి పెట్టుకోవాలి. చిన్న పిల్లలకు తొమ్మిది, పెద్ద తరగతుల వాళ్ళకు పది. ఆదివారమైనా, పండగైనా ఆ వేళ గంటకు మించి మారకూడదు. రెండోది, ఆ వేళకు అరగంట ముందే టీవీ ఆపి, ఇంట్లో ఫోనులన్నీ ఒక గూట్లో పెట్టాలి. పిల్లల ఫోనులే కాదు, పెద్దలవి కూడా. ఒకే గది ఉన్న ఇళ్ళలో పెద్దలు టీవీ చూస్తూ పిల్లలను నిద్రపోమంటే కుదరదు. సీరియల్ ఒకరోజు పోతే ఏమీ మునిగిపోదు.

మూడోది, సాయంత్రం పిల్లలకు టీ పోయటం మానాలి. టీలో ఉండేది నిద్రను చెడగొట్టే గుణమే. నాలుగోది, దోమతెర. వంద గుడ్ నైట్ బిళ్ళలకన్నా ఒక దోమతెర మేలు. అయిదోది, పిల్లవాడు రాత్రంతా ఆసనం గోక్కుంటూ దొర్లుతుంటే నులిపురుగులని అనుమానించాలి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న జాతీయ నులిపురుగుల నివారణ దినం పేరిట అంగన్‌వాడీల్లో, బడుల్లో 1 నుంచి 19 ఏళ్ళ వారికి ఉచితంగా మాత్ర వేస్తారు. ఆ రోజు పిల్లలను తప్పక పంపాలి. నోరు తెరిచి గట్టిగా గురక పెట్టే పిల్లలను గాఢనిద్రలో ఉన్నారని సంతోషించక, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరికి చెబుతున్నాం. పడుకునేముందు పది నిమిషాలు పిల్లల పక్కన కూర్చోండి. ఏడు చేపల కథ చెప్పినా సరే, ఆరోజు బడిలో ఏం జరిగిందో అడిగినా సరే. ఆ పది నిమిషాల్లో మార్కుల మాట, అప్పుల మాట ఎత్తకండి. మన నాయనమ్మలు చదువుకోకపోయినా చేసింది ఇదే. అందుకే ఆనాడు పిల్లలు కథ సగంలోనే నిద్రపోయేవాళ్ళు.

"మా చిన్నప్పుడు ఎన్ని గంటలు పడుకున్నామో ఎవరు లెక్క పెట్టారు? మేం పెరగలేదా?" అని అడిగే పెద్దలు ఉన్నారు. ఆనాడు లెక్క పెట్టవలసిన అవసరం లేదు. కిరసనాయిలు ఆదా కోసం ఎనిమిదింటికే లాంతరు ఆర్పేవాళ్ళు. ఊరంతా పడుకునేది, ఊరితో పాటు పిల్లలూ పడుకునేవాళ్ళు. ఇప్పుడు చీకటి తనంతట తాను రాదు. ఇంట్లో ఎవరో ఒకరు లేచి దీపం ఆర్పాలి.

ఊరు చేయవలసింది

ఇల్లు ఒక్కటే మారితే చాలదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులు వేయకూడదు. 2005లో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. పండగలకు ప్రభుత్వం ఇచ్చే మినహాయింపు అర్ధరాత్రి 12 దాకానే, అదీ ఏడాదికి 15 రోజులకు మించి లేదు. పెళ్ళి ఊరేగింపుల్లో డీజే పెట్టెలు రాత్రి ఒంటిగంట దాకా మోగుతుంటే ఏ తల్లి మాత్రం పిల్లలను ఎలా నిద్రపుచ్చగలదు? పరీక్షల నెలలోనైనా ఊరి పెద్దలు, పంచాయతీ పట్టించుకోవాలి.

బడి వేళల సంగతి కూడా ఆలోచించాలి. పిల్లలకు నిద్ర చాలటం లేదన్న కారణంగానే మహారాష్ట్ర ప్రభుత్వం 2024లో నాలుగో తరగతి దాకా బడులు ఉదయం 9 గంటలకు ముందు మొదలుపెట్టకూడదని ఆదేశించింది. మన దగ్గర ప్రైవేటు బడుల యాజమాన్యాలు కనీసం బస్సు దారులు మార్చి, చిన్న పిల్లలను గంటన్నర ముందే ఎక్కించుకోవటం మానవచ్చు. తల్లిదండ్రులు పదిమంది కలిసి అడిగితే వినకపోరు. ఫీజు కట్టేటప్పుడు అడగవలసిన ప్రశ్నల్లో ఇది ఒకటి కావాలి.

పైరుకు నీరు ఎప్పుడు పెట్టాలో, పాడి గేదెకు దాణా ఎప్పుడు వేయాలో మన రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. వేళ తప్పితే నష్టం కళ్ళకు కనిపిస్తుంది కాబట్టి. పిల్లల నిద్ర వేళ తప్పితే వచ్చే నష్టం అంత త్వరగా కనిపించదు. కనిపించేసరికి పిల్లవాడు చదువు మానేసి ఉంటాడు, లేదా ఆరోగ్యం చెడి ఉంటాడు. జిల్లాలోని తల్లిదండ్రులు ఈ రాత్రి నుంచే తొమ్మిదింటికి తమ ఇంట దీపం ఆర్పి చూడాలి. నెల రోజుల్లో తేడా వాళ్ళకే తెలుస్తుంది.